రాపా నుయి ప్రయాణం: మాటవేరి విమానాశ్రయంలో దిగేందుకు ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

చిలీ తీరానికి పశ్చిమంగా సుమారు 3,700 కిలోమీటర్ల దూరంలో ఉన్న రాపా నుయికి, అంటే ఈస్టర్ ద్వీపానికి, ఉన్న విమానాశ్రయం మాటవేరి ఒక్కటే. పర్యాటకులు సాధారణంగా చిలీ రాజధాని శాంటియాగో నుంచి లాటామ్ అనే సంస్థ విమానంలో అక్కడికి చేరుకుంటారు. ప్రయాణం ఐదు గంటలకు పైగా పడుతుంది.

అన్నిటికంటే ముందు బస సంగతి తేల్చుకోవాలి. 2018 ఆగస్టు నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం సందర్శకులు ఆ దీవిలో 30 రోజులకు మించి ఉండరాదు. తిరుగు టికెట్టు, చిలీ పర్యాటక శాఖ వద్ద నమోదైన వసతిగృహంలో గది లేదా స్థానికుల ఆహ్వానపత్రం, ఆన్‌లైన్‌లో నింపిన ప్రవేశపత్రం ఉండాలి. వీటిని శాంటియాగోలో విమానం ఎక్కకముందే తనిఖీ చేస్తారు కనుక, చవకగా దొరికిందని గదికి డబ్బు కట్టే ముందు ఆ వసతి నమోదైనదో కాదో యజమానిని అడిగి రాతపూర్వకంగా నిర్ధారించుకోవడం మేలు. 2017 జనగణనలో 7,750 మంది ఉన్న చిన్న దీవిపై నీటి భారం, చెత్త భారం ఎంత పడుతుందో ఆలోచిస్తే ఈ నిబంధనలు న్యాయమైనవేనని నా అభిప్రాయం.

మాటవేరిలో విమానం దిగి, ఆరుబయట నడుచుకుంటూ చిన్న టెర్మినల్‌కు చేరాలి. రన్‌వే మాత్రం 3,318 మీటర్ల పొడవుంటుంది. స్పేస్ షటిల్ అత్యవసరంగా దిగవలసి వస్తే ఉపయోగపడాలని 1980లలో నాసా దానిని పొడిగించింది. పెద్ద బోయింగ్ 787 విమానాలు ఇక్కడ దిగగలుగుతున్నది అందువల్లనే. గడియారాన్ని శాంటియాగో సమయం కంటే రెండు గంటలు వెనక్కి తిప్పుకోవాలి. హంగా రోవా ఊరు పక్కనే ఉంటుంది.

మోయి అనే భారీ రాతి విగ్రహాలున్న జాతీయ ఉద్యానానికి వేరే టికెట్టు తీసుకోవాలి. ఉద్యానాన్ని స్థానికుల సంస్థ మా'ఉ హెనువా నిర్వహిస్తోంది. పాత రాతి ఇళ్ల ఊరైన ఓరోంగో, మోయిలను చెక్కిన రాతిగని రానో రరాకు స్థలాలకు ఒక టికెట్టుపై ఒక్కొక్కసారే అనుమతి ఉంటుంది కాబట్టి, వాటిని వాన లేని రోజుకు, తీరికగా తిరిగే వీలున్న పూటకు ఉంచుకోవాలి. చాలా చోట్ల గుర్తింపు పొందిన గైడ్ తోడు తప్పనిసరి.

తిరుగు ప్రయాణంలో శాంటియాగో నుంచి అంతర్జాతీయ విమానాన్ని అదే రోజుకు పెట్టుకోకూడదు. మాటవేరిలో విమానం రద్దయితే మరో దారి ఉండదు కనుక, నడుమ కనీసం ఒక రోజు విడిచిపెట్టాలి.