ఇంటికి రంగులు – 5వ పాఠం: గోడకు మెరుపు ఎంత ఉండాలి?

పోయిన పాఠంలో లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేయడం దాకా వచ్చాం. ఈసారి పెయింట్ షాపుకు వెళ్దాం. షేడ్ కార్డు చూసి రంగు చెప్పగానే షాపతను ఇంకో ప్రశ్న అడుగుతాడు: "మ్యాటా, షీనా?" అంటే మెరుపు లేనిదా, మెరిసేదా అని. చాలామంది అక్కడ తడబడి "ఏది బాగుంటే అదివ్వండి" అనేస్తారు. అలా అంటే షాపులో ఏది నిల్వ ఉంటే అది మన గోడకెక్కుతుంది. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు మెరుపు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. పెయింటులో రంగునిచ్చే పొడి, ఆ పొడిని గోడకు అంటిపెట్టి ఉంచే రెజిన్, పల్చన చేసే నీళ్లో టర్పెంటైనో ఉంటాయి. పల్చన చేసేది ఆరిపోతుంది, మిగతా రెండూ గోడ మీద మిగులుతాయి. రెజిన్ ఎక్కువుంటే పొడి అందులో మునిగిపోయి పైన నున్నటి పొర ఏర్పడుతుంది. వెలుతురు దాని మీద పడి ఒకే వైపుకు తిరిగొస్తుంది, గోడ మెరుస్తుంది. పొడి ఎక్కువైతే రేణువులు పైకి పొడుచుకొచ్చి పొర గరుకవుతుంది. వెలుతురు నలుదిక్కులా చెదిరిపోతుంది, అదే మ్యాట్.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. మెరిసే గోడ మీద మరకను తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు, కానీ ఆ గోడ తన ఎత్తుపల్లాలన్నీ బయటపెడుతుంది. మ్యాట్ ఎత్తుపల్లాల్ని దాస్తుంది, మరకను మాత్రం వదలదు. తుడవగలిగే మ్యాట్ ఎమల్షన్లు (నీళ్లతో కలిపే గోడ రంగులు) ఇప్పుడు వస్తున్నాయి, నిజమే. అయినా ఒకేచోట గట్టిగా రుద్దితే అక్కడ నున్నబడి మెరిసే మచ్చ మిగులుతుంది.

డబ్బా మీద పేర్లు తక్కువ మెరుపు నుంచి ఎక్కువకు దాదాపు ఇలా ఉంటాయి: మ్యాట్, సాఫ్ట్ షీన్, సాటిన్, సెమీ గ్లాస్, గ్లాస్ (ఇక్కడ గ్లాస్ అంటే గాజు కాదు, gloss, అంటే నిగనిగ). వీటిని మరీ నమ్మకండి. ఒక కంపెనీ సాటిన్ అన్నదాన్నే ఇంకో కంపెనీ సాఫ్ట్ షీన్ అనొచ్చు. ల్యాబులో అయితే గోడ రంగుల మెరుపును ఎక్కువగా 60 డిగ్రీల కోణంలో కాంతి పంపి, గ్లాస్ మీటరుతో కొలుస్తారు. నున్నటి నల్లగాజు రీడింగు 100 అనుకుంటే, మ్యాట్‌ది సాధారణంగా 10 లోపే. షాపులో మనకా మీటరు ఉండదు కాబట్టి రంగు వేసి ఆరబెట్టిన నమూనా ముక్క అడగండి. దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని ఏటవాలుగా చూస్తే తేడా తెలిసిపోతుంది.

గోడను రెండు ప్రశ్నలడగండి

"హాలుకు ఇది, బెడ్‌రూముకు అది" అనే పట్టికలు చాలా దొరుకుతాయి. నాకు వాటి మీద నమ్మకం తక్కువ. ఒకే హాలులో నాలుగు గోడల పరిస్థితి నాలుగు రకాలుగా ఉంటుంది. గోడ దగ్గర నిలబడి రెండే చూడండి: వెలుతురు దాన్ని ఎటునుంచి తాకుతోంది? చేతులు, నీళ్లు, నూనె ఎంత తగులుతున్నాయి?

మొదటిదానికి రాత్రి లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చిని గోడకు దాదాపు ఆనించి, వెలుతురు గోడ వెంబడి పారేలా పట్టుకోండి. పగలు కనబడని లప్పం గీతలు, గుంతలు, ప్లాస్టరు ఉబ్బులు అన్నీ లేస్తాయి. మన ఇళ్లలో ట్యూబులైటును గోడకే బిగిస్తాం కాబట్టి ఆ గోడకు రోజూ రాత్రి ఇదే పరీక్ష. ఫాల్స్ సీలింగ్ అంచుల్లో ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టించుకున్నవాళ్లకూ అంతే. అలాంటి గోడకు లప్పం పని బ్రహ్మాండంగా కుదిరితే తప్ప షీన్ జోలికి వెళ్లొద్దు. సీలింగును ఎవరూ ముట్టుకోరు, వంటింట్లో పొయ్యి పైన తప్ప అక్కడ మ్యాట్ చాలు.

ఇక చేతి సంగతి. పాత బడుల్లో, సర్కారు ఆసుపత్రుల్లో గోడకు కింద నాలుగడుగుల దాకా ఆయిల్ పెయింట్, పైన సున్నమో డిస్టెంపరో ఉండేది. చూడ్డానికి ఏమంత అందం కాదు, కానీ ఆ లెక్క వేసినవాళ్లకు పని తెలుసు: చెయ్యి, వీపు, బెంచీ తగిలేది ఆ ఎత్తు వరకే. మెట్ల గోడకు, పిల్లల గదికి, నడవాకు ఇప్పటికీ ఆ పద్ధతి పనికొస్తుంది. కింద సాటిన్, పైన మ్యాట్ ఒకే షేడులో వేయించండి. మెరుపు వల్ల కింది భాగం రంగు కాస్త ముదురుగా కనబడుతుంది కాబట్టి, రెండూ కలిసేచోట సన్నటి బోర్డర్ గీయిస్తే కావాలనే వేసినట్టుంటుంది.

వంటింట్లో అసలు పరీక్ష టైల్స్ మీద కాదు, టైల్స్ ఆగిపోయిన చోటు నుంచి సీలింగ్ దాకా ఉన్న గోడకు. పోపు పొగతో లేచిన నూనె తుంపర అక్కడ చేరి, దాని మీద దుమ్ము అంటుకుని జిడ్డవుతుంది. అక్కడ సాటిన్ గానీ సెమీ గ్లాస్ గానీ ఉండాలి, పొయ్యి పైనున్న సీలింగుకూ అదే. "ఎనామిల్ వేసేద్దాం, కడిగేసుకోవచ్చు" అని మేస్త్రీ అంటే ఒక్క నిమిషం ఆగండి. నూనె ఆధారంగా చేసిన తెల్ల ఎనామిల్ (గట్టిగా మెరిసే పెయింట్), వెలుతురు సరిగా రానిచోట కొన్నాళ్లకు పసుపెక్కుతుంది. నీళ్లతో కలిపే ఎనామిల్‌కు ఈ బాధ చాలా తక్కువ. దేవుడి గదిలో దీపం మసి పట్టే గోడకూ సాటినే మేలు. మసిని ముందు పొడిగుడ్డతో దులిపి, తర్వాతే తడిగుడ్డ పెట్టండి, లేకపోతే పులుముకుంటుంది. ఏ ఎమల్షన్ అయినా వేసిన మూడు నాలుగు వారాల దాకా కడగొద్దు. పైకి ఆరినా లోపల గట్టిపడటానికి అంత సమయం పడుతుంది.

తలుపులు, కిటికీ గ్రిల్స్, గేట్లు, నీళ్లు పోసి కడిగే గడప: వీటికి గ్లాస్ ఎనామిలే. ఇనుముకు కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మరవొద్దు, విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో మరీను.

మెరుపు అసలు పనికిరాని గోడలు రెండున్నాయి. ఒకటి చెమ్మ పట్టిన గోడ. బిగుతైన మెరుపు పొర వెనక తేమ చిక్కుకుని రంగు బుడగలుగా లేస్తుంది. ముందు లీకు ఆపాలి. రెండోది కొత్త ప్లాస్టరు. సిమెంటులోని క్షారం ఆయిల్ పెయింటులోని నూనెను సబ్బుగా మార్చి పొరను పాడుచేస్తుంది. అందుకే కనీసం 28 రోజులు ఆగమనేది.

ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు ఒక మాట. మ్యాట్ గోడలో మేకు రంధ్రం పూడ్చి, మిగిలిన అదే డబ్బా రంగు అద్దితే చాలావరకు కలిసిపోతుంది. షీన్ గోడ మీద ఆ అతుకు స్పష్టంగా తెలుస్తుంది, ఈ మూల నుంచి ఆ మూల దాకా మళ్లీ వేయాల్సిందే.

ఈ వారం పని

కాగితం మీద ఇంటి ప్రతి గోడా రాసి, పక్కన వెలుతురు ఎటునుంచి వస్తుందో, చెయ్యి ఎంత తగులుతుందో రాయండి. టార్చి వెలుతురులో అన్నిటికన్నా ఎగుడుదిగుడుగా కనబడిన గోడను ఎంచుకుని, దాని మీద రెండడుగుల చదరంలో మీరు అనుకుంటున్న మెరుపున్న రంగు చిన్న డబ్బా తెచ్చి రెండు పూతలు వేసి చూడండి. ఆరాక పగలు ఒకసారి, రాత్రి ట్యూబులైటు కింద ఒకసారి చూసి నిర్ణయించుకోండి. వచ్చే పాఠంలో ఎన్ని లీటర్లు కొనాలో లెక్కేస్తాం, కాబట్టి ప్రతి గోడ పొడవూ ఎత్తూ, తలుపుల, కిటికీల కొలతలూ అదే కాగితం మీద రాసి ఉంచుకోండి.