ట్రాక్టర్ కొంటున్నారా? ట్రాలీకి ఇంకో ఆర్‌సీ అడగండి

సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ ట్రాలీతో కలిపి బేరమాడేవాళ్లు చాలామంది ఇంజిన్ నంబరు చూసి డబ్బులిచ్చేస్తారు. ట్రాలీ సంగతి ఎవరూ అడగరు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రాలీ కూడా విడిగా ఒక వాహనమే. దానికి సొంత ఛాసిస్ నంబరు, సొంత రిజిస్ట్రేషన్ నంబరు, సొంత ఆర్‌సీ ఉండాలి.

మా బాబాయి ఇలాగే ఇరుక్కున్నాడు. ట్రాక్టర్ పేరు మారింది, ట్రాలీ పాత ఓనరు పేరు మీదే ఉండిపోయింది. ఆ పాత ఓనరు ఊరు విడిచి వెళ్లిపోయాక ఫారం 29 (బండి అమ్మానని ఆర్‌టీఓకి తెలిపే నోటీసు) మీద సంతకం కోసం రెండు నెలలు తిరగాల్సొచ్చింది. అందుకే ఫారం 29, ఫారం 30 (పేరు మార్పిడి దరఖాస్తు) రెండూ ట్రాక్టర్‌కి ఒక సెట్టు, ట్రాలీకి ఒక సెట్టు తీసుకుని, డబ్బు చేతులు మారే రోజే సంతకాలు పెట్టించుకోండి. ఫైనాన్స్ ఉంటే ఆ ఒప్పందం ముగిసిందని తెలిపే ఫారం 35 కూడా.

బేరానికి వెళ్లేటప్పుడు గరుకు కాగితం (శాండ్‌పేపర్) ముక్క, పెన్సిలు, తెల్ల కాగితం పట్టుకెళ్లండి. ట్రాలీ ఛాసిస్ మీద నంబరు కొట్టిన చోట మట్టి, తుప్పు గీకి, తెల్ల కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు తేలతాయి. ఆర్‌సీలో ఉన్నదానితో ఒక్కో అంకె సరిచూడండి. ఒక్కటి తేడా వచ్చినా అడ్వాన్సు ఇవ్వొద్దు.

నంబర్లు రాయించేటప్పుడు చాలామంది పొరబడతారు: ట్రాలీ సొంత నంబరు పక్కన ఉండాలి. వెనక మాత్రం దాన్ని లాగే ట్రాక్టర్ నంబరు ఉండాలి. రాత్రిపూట వెనకొచ్చే బండికి కనపడేది అదొక్కటే కదా!

ఇన్సూరెన్స్ పాలసీలో ట్రాలీ రాసుందో లేదో కూడా చూసుకోండి.