కొకైన్, మద్యం కలిపి తీసుకున్న మనిషి కుప్పకూలితే ఏం చేయాలి

కొకైన్, మద్యం ఒకేసారి ఒంట్లో చేరినప్పుడు కాలేయంలో కోకాఎథిలీన్ అనే మూడో పదార్థం తయారవుతుంది. అది కొకైన్ కంటే ఎక్కువసేపు రక్తంలో నిలిచి గుండెకు హాని చేస్తుంది కనుక, మత్తు దిగినట్టు కనిపించినంత మాత్రాన ప్రమాదం తప్పిందని అనుకోకూడదు. ఛాతీనొప్పి, మూర్ఛ, విపరీతమైన ఒంటి వేడి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకున్నా శ్వాస మామూలుగా ఆడుతుంటే, వాంతి గొంతుకు అడ్డుపడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. శ్వాస ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి. మత్తు దిగాలని మజ్జిగ, నిమ్మరసం పట్టించడం మన ఇళ్లలో అలవాటే గానీ, స్పృహలేని మనిషికి అది ప్రాణాంతకం. పరువు పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. అయినా ఏం తీసుకున్నారో వైద్యుడికి దాచకుండా చెప్పండి, ఎందుకంటే గుండెకు మామూలుగా ఇచ్చే బీటా బ్లాకర్ మందులు కొకైన్ తీసుకున్నవారికి హాని చేయవచ్చు.