ఇంటి నీళ్ల పని, 6వ పాఠం: పైపు ఊడదీశారు సరే, ఇప్పుడెందుకు కారుతోంది?

ఈసారి బట్టల మెషిన్ వెనక మురుగు గొట్టం గురించి రాద్దామనుకున్నాను. కుదిరేట్టు లేదు. పోయిన పాఠంలో తాగే నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మెషిన్ జాయింటులోంచి తెల్లపైపు ఊడదీయడం చెప్పాను కదా, అప్పట్నుంచీ ఫోన్లే ఫోన్లు. మా బెంగళూరులోనే మారతహళ్లి నుంచి ఒకాయనైతే మర్యాదగానే అన్నారు: "ఇంతకుముందు ఒక్క చుక్క కారేది కాదండీ. మీ పాఠం చదివాకే కారుతోంది."

తప్పు నాదే. "కాలర్ నొక్కి పైపు లాగండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. పీణ్యా ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి గాలి పైపులు ఊడదీసిన చెయ్యి నాది, అందులో చెప్పడానికేముంది అనుకున్నాను. ఉంది. ముందు లాక్ క్లిప్పు, అంటే పైపు ఊడకుండా జాయింటు మూతికి తగిలించే చిన్న ముక్క, తీయాలి. తర్వాత పైపును లోపలికి తోయాలి. అవును, లోపలికే. అలా తోస్తే లోపలున్న స్టీలు పళ్లు పట్టు సడలిస్తాయి. అప్పుడు కాలర్‌ను, అంటే జాయింటు మూతి దగ్గర గాజులా కనిపించే ప్లాస్టిక్ రింగును, చుట్టూ సమంగా అదిమి, అదిమిన చెయ్యి వదలకుండా పైపు లాగాలి. గోళ్లతో నొక్కితే ఒక పక్కే దిగుతుంది, రెండో పక్క పళ్లు పట్టుకునే ఉంటాయి. నేనైతే 6-7 స్పానరు వాడతాను. 7 వైపు పైపు మీద సరిగ్గా కూర్చుని కాలర్‌ను రెండు పక్కలా అదుముతుంది. మార్కెట్లో దీనికోసం ప్రత్యేకంగా ప్లాస్టిక్ ముక్కలు అమ్ముతారు, నాకు ఎప్పుడూ అవసరం పడలేదు.

మీలో చాలామంది బలవంతంగా లాగేశారు. ఆ పైపు చివర ఇప్పుడు వెలుతురులో పట్టుకుని చూడండి. పళ్లు దిగిన చోట నుంచి చివరిదాకా పొడుగ్గా సన్నటి గీతలు కనిపిస్తాయి. జాయింటులో పళ్లు మూతి దగ్గర ఉంటాయి, ఓ-రింగు, అంటే నీళ్లు బయటికి రాకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగు, వాటికన్నా లోపల ఉంటుంది. అంటే పళ్లు గీరిన భాగమే మళ్లీ వెళ్లి ఓ-రింగు కింద కూర్చుంటుంది. పొలంలో కాలువ తీసినట్టు ఆ గీత వెంట నీళ్లు బయటికి వస్తాయి. జాయింటు బాగానే ఉంది. మీరు కొత్త ఎల్బో, అంటే మోచేయిలా వంగిన జాయింటు, కొని, అదే గీతలు పడ్డ పైపు అందులో దోపితే అదీ కారుతుంది. ఇద్దరు ఆ పనీ చేశారు.

గీతలు పోయేదాకా పైపు చివర కోసి పారేయండి, వైద్యం అంతే. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు పోతుంది. కత్తెర వాడకండి, పైపును నొక్కి కోడిగుడ్డు ఆకారం చేస్తుంది. కొత్త బ్లేడుతో, చెక్క మీద పెట్టి, నిలువుగా ఒక్క వేటు వేయాలి. మా ఇంట్లో ఆ చెక్క కూరగాయలది, దాని గురించి మా ఆవిడకూ నాకూ ఇంకా మాటలు నడుస్తున్నాయి.

దోపేటప్పుడు ఇంకో సంగతి. పైపు మధ్యలో ఒకచోట ఆగుతుంది. అక్కడితో అయిపోయిందనుకుంటారు. ఆగింది ఓ-రింగు దగ్గర. నీళ్లతో తడిపి, ఇంకొంచెం బలంగా తోస్తే గుటుక్కున దిగి అడుగు తగులుతుంది. పావించు పైపుకి లోపలికి పోవాల్సింది సుమారు 15 మిల్లీమీటర్లు. దోపకముందే ఆ కొలతకి స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. గీత ఇంకా బయట కనిపిస్తుంటే పని కానట్టే. తర్వాత ఒకసారి వెనక్కి లాగి చూసి క్లిప్పు పెట్టండి. కొబ్బరినూనె, వ్యాజిలిన్ రాయకండి, కొన్ని రకాల రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. పైగా ఇవి తాగే నీళ్లు.

ఇక టేపు.

టెఫ్లాన్ టేపు గురించి నాకు ఓపిక లేదు, అయినా రాస్తాను. ఫోన్ చేసినవాళ్లలో సగానికి సగం పైపు చివర తెల్ల టేపు చుట్టి దోపారు. టేపు పని మర సందుల్ని పూడ్చడం. మీ ఎల్బోకి రెండు ముఖాలు. పంపుకి, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ డబ్బాకి తిప్పి బిగించే వైపు మర ఉంటుంది, అక్కడ టేపు చుట్టండి, కాదనను. పైపు దోపే వైపు మర లేదు. అక్కడ నీటిని ఆపేది నున్నటి పైపు మీద నున్నటి రబ్బరు. మధ్యలో టేపు పెడితే ఆ ముడతే దారి అవుతుంది. అదొక్కటే కాదు. స్టీలు పళ్లు పైపును కాక టేపును పట్టుకుంటాయి. పంపు ఆన్ కాగానే పైపు చొక్కా విప్పుకున్నట్టు టేపును వదిలేసి బయటికి దూకుతుంది. ఇంకా ఉంది: చిరిగిన టేపు పీలికలు నీళ్లతో పాటు పోయి, వేస్టు నీళ్ల పైపులో ఉండే సన్నటి రంధ్రానికి అడ్డం పడతాయి. అప్పుడు మీరు ఫోన్ చేసేది కారుతోందని కాదు, మెషిన్ పాడైందని. ఒకావిడ టేపు మీద ఫెవిక్విక్ కూడా వేశారు. దాని మీద రబ్బరు బ్యాండు చుట్టారు. ఆ ఎల్బో ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది, ఎవరైనా వస్తే చూపిస్తుంటాను.

దోపే వైపు టేపు వద్దు. జిగురు వద్దు. ఎంసీల్ వద్దు.

కారుతున్నది ఏ జాయింటో తెలియకుండా అన్నీ ఊడదీసినవాళ్లూ ఉన్నారు. చుక్క పడేచోటే లోపం ఉందనుకోకూడదు. నీరు పైపు వెంట జారి, అన్నిటికన్నా కిందున్న వంపు దగ్గర రాలుతుంది. పైపులన్నీ పొడిగా తుడిచి, ప్రతి జాయింటుకీ టిష్యూ ముక్క చుట్టి పది నిమిషాలు చూడండి. ముందుగా తడిసిందే దొంగ. మెషిన్ నడిచేటప్పుడు మాత్రమే కారితే పంపు తర్వాతి జాయింట్లు చూడండి. ఆపినా కారుతుంటే పంపుకి ముందున్నవి. మేడమీది ట్యాంకు 10 మీటర్ల ఎత్తుకి ఇచ్చే ఒత్తిడి ఒక బార్, పంపు దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. కొళాయి కట్టేసినా మొహాన నీళ్లు చిమ్మాయన్నవాళ్లకూ జవాబు ఇదే: కరెంటు ప్లగ్గు తీశాక పంపు తర్వాతి వైపు ఒత్తిడి మెల్లగా దిగుతుంది, పది నిమిషాలు ఆగండి.

మన బోరు నీళ్లకి ఇంకో గుర్తు ఉంటుంది. జాయింటు మూతి చుట్టూ సున్నంలా తెల్లగా పొడి కడితే, అది చాలాకాలంగా చెమరుస్తోందన్నమాట. ఊడదీసేముందు నిమ్మరసంలో ముంచిన గుడ్డతో ఆ పొడి తుడిచేయండి, లేకపోతే అదే ఇసుకలా రబ్బరును గీరుతుంది.

"మెషిన్ మూత తీస్తే కారదు, మూత వేస్తే కారుతుంది" అని ఒకరి గోల. దయ్యం కాదు. పైపు పొట్టిది. మూత వేయగానే పైపు జాయింటు మూతి దగ్గరే వంగి, ఓ-రింగు ఒక పక్క నలిగి ఇంకో పక్క తేలిపోతుంది. మూతి నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు నిటారుగా ఉండాలి. పొడుగు పైపు వేయండి.

కొత్త పైపు కొనేటప్పుడు నాలా చేయకండి. పావించు అంటే 6.35 మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీల్లో గాలికి వాడే 6 మిల్లీమీటర్ల పైపు కంటికి అచ్చం ఇలాగే ఉంటుంది. ఒకసారి మిగిలిన నీలం ముక్క ఇంటికి తెచ్చి పెట్టాను. పళ్లు పట్టాయి, లాగితే రాలేదు, శెభాష్ అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి వంటింట్లో చెప్పులు తేలుతున్నాయి. ఆ 0.35 చాలు. కొట్లో ఆర్వో పైపు అనే అడగండి. అన్నట్టు, కొళాయి కావాలంటే కన్నడంలో నల్లి అనాలి. కొత్తలో ఆ మాట విని, నేను మంచం ఎండలో వేయమంటున్నారనుకున్నాను.

అభ్యాసం. మీటరు పైపు కొనండి. బ్లేడుతో వేలి గోరంత ముక్కలు నలభై కోయండి. ఒక్కొక్కటీ స్టీలు పళ్లెం మీద నిలబెట్టండి, ఊగిన ముక్క లెక్కలోకి రాదు. వరసగా పది నిలబడ్డాకే మెషిన్ జోలికి వెళ్లండి. తర్వాత ఒక పాత ఎల్బోలో పైపు పెట్టడం, తీయడం కళ్లు మూసుకుని పదిసార్లు, తీసిన ప్రతిసారీ చివర గీత పడిందేమో చూస్తూ. గీత పడితే మళ్లీ ఒకటి నుంచి. ఆ ఎల్బో పారేయకండి, అందులోని ఓ-రింగు సూదితో తీసి పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో మురుగు గొట్టం రబ్బరు రింగు పక్కన పెట్టి చూడాలి.