ఫీచర్ రిక్వెస్టుకు స్పందన రాలేదా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

ప్రోగ్రామర్లు రోజూ వాడే ప్రశ్నోత్తరాల సైట్‌లోగాని, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోగాని ఒక లోపం కనబడినప్పుడు, లేదా ఫలానా సౌకర్యం ఉంటే బాగుండునని అనిపించినప్పుడు మనలో చాలామంది ఒక రిక్వెస్టు రాసి పెడతాం. దానికి జవాబు రాకపోయినా, పెట్టిన కాసేపటికే మూసేసినా, వరసగా డౌన్‌వోట్లు (వ్యతిరేక ఓట్లు) పడినా, వాడేవాళ్ల గోడు వీళ్లకు పట్టదని అనుకుని అంతటితో వదిలేస్తాం. కొన్నేళ్లుగా ఇలాంటి రిక్వెస్టులు రాస్తూ, ఒక చిన్న ప్రాజెక్టుకు మెయింటెయినర్‌గా (దాని బాగోగులు చూసే వ్యక్తిగా) అవతలి వైపు నుంచి వాటిని చదువుతూ వచ్చాను. నేను చూసినంతలో, ఆగిపోయిన రిక్వెస్టుల్లో చాలావాటికి కోరికలో తప్పు లేదు. తనకు ఎదురైన ఇబ్బందిని చెప్పకుండా, తాను ఊహించుకున్న పరిష్కారాన్ని మాత్రమే రాయడం వల్లే అవి ఆగిపోయాయి. ఈ కింది వివరాలు ఎక్కువగా ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోనూ, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల కోడ్ ఉంచే సైట్ గిట్‌హబ్‌నూ దృష్టిలో పెట్టుకుని రాసినవి.

లక్షణం: వారాలు గడిచినా ఎవరూ పలకలేదు

అన్నిటికంటే ముందు అనుమానించవలసింది చోటును. స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. సైట్ గురించిన చర్చల కోసం మెటా అనే వేరే విభాగం 2009లో వచ్చింది. 2014లో ఆ మెటా రెండుగా విడిపోయింది. స్టాక్ ఓవర్‌ఫ్లోకు మాత్రమే చెందిన విషయాలు మెటా స్టాక్ ఓవర్‌ఫ్లోలోనూ, స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా ఒక భాగమైన స్టాక్ ఎక్స్ఛేంజ్ నెట్‌వర్క్‌లోని సైట్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న సాఫ్ట్‌వేర్ విషయాలు మెటా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోనూ రాయాలి. రెండో కారణం ట్యాగు, అంటే పోస్టు ఏ రకమైనదో చెప్పే గుర్తు. బగ్ (లోపం), ఫీచర్-రిక్వెస్ట్, డిస్కషన్, సపోర్ట్ అనే నాలుగు ట్యాగుల్లో ఏదో ఒకటి తప్పనిసరి. లోపాన్ని డిస్కషన్ కింద పెడితే జనం దాని మీద అభిప్రాయాలు చెబుతారే తప్ప దాన్ని సరిచేయవలసిన పనిగా చూడరు.

చోటూ ట్యాగూ సరిగానే ఉన్నా పలుకు రాకపోతే, ఒకే పోస్టులో మూడు నాలుగు కోరికలు కలిపి రాశామేమో చూసుకోవాలి. వాటిలో ఒకటి నచ్చి, మరొకటి నచ్చనివారు ఏ ఓటు వేయాలో తెలియక దాటిపోతారు. సైట్ సిబ్బంది కూడా సగం ఒప్పుకుని సగం కాదనే స్టేటస్‌ను (రిక్వెస్టు ఏమైందో తెలిపే ట్యాగును) ఒకే పోస్టుకు ఇవ్వలేరు. కాబట్టి ఒక పోస్టులో ఒక కోరికే ఉండాలి.

లక్షణం: పెట్టిన వెంటనే డూప్లికేట్ అని మూసేశారు

దీన్ని తిరస్కరణగా తీసుకోనక్కరలేదు. మనకు వచ్చిన ఆలోచన అంతకుముందే మరొకరికి వచ్చిందనీ, ఓట్లు అక్కడ చేరితేనే బలం ఉంటుందనీ దాని అర్థం. పాత పోస్టు తెరిచి, అది చెప్పే ఇబ్బందీ మన ఇబ్బందీ ఒకటే అయితే అక్కడ ఓటు వేస్తే చాలు. తేడా ఉందనిపిస్తే మన పోస్టును సవరించి, మొదటి పేరాలోనే ఆ తేడా ఏమిటో చెప్పి, మళ్లీ తెరవమని అడగవచ్చు. వెతికినా పాత పోస్టు ముందే దొరకలేదంటే, మనం పరిష్కారం పేరుతో వెతికి ఉంటాం. ఇబ్బంది పేరుతో వెతికి చూడాలి.

లక్షణం: డౌన్‌వోట్లు కుప్పగా పడ్డాయి

కొత్తవారిని ఎక్కువగా బాధపెట్టేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ప్రధాన సైట్‌లో డౌన్‌వోటు అంటే ప్రశ్న సరిగా లేదని అర్థం. మెటాలో ఫీచర్ రిక్వెస్టు మీద డౌన్‌వోటు అంటే, చాలా సందర్భాల్లో, ఆ ప్రతిపాదనతో ఏకీభవించడం లేదని మాత్రమే. మెటా స్టాక్ ఓవర్‌ఫ్లోలో పడే ఓట్ల వల్ల మన రెప్యుటేషన్ (సైట్‌లో మనకు వచ్చే పాయింట్లు) తగ్గదు. ఇది తెలియక, ఎంతో శ్రద్ధగా రాసిన పోస్టును మనసు కష్టపెట్టుకుని తొలగించినవారిని చూశాను.

అయితే ఏకీభవించకపోవడానికి కూడా ఒక కారణం ఉంటుంది. ఏళ్ల తరబడి మెటాకు తిరిగి తిరిగి వస్తున్న ఒక రిక్వెస్టును ఉదాహరణగా తీసుకుందాం: డౌన్‌వోటు వేసేవారు తప్పనిసరిగా కారణం రాసేలా చేయాలన్నది. వినడానికి ఎంతో న్యాయంగా అనిపిస్తుంది. కాని దానికి ఎదురయ్యే అభ్యంతరాలు గట్టివి. ఓటు ఎవరిదో బయటపడకపోవడం ఆ వ్యవస్థకు పునాది. కారణం రాయక తప్పదంటే ఓటు వేసినవారి పేరు బయటపడి, కోపం వారి మీదికి మళ్లుతుంది. రాయడం ఇష్టం లేనివారు పెట్టెలో అర్థం లేని అక్షరాలు నింపి ముందుకు వెళ్లిపోతారు. పైగా ఆ ఓటు ప్రశ్న అడిగినవారికి పాఠం చెప్పడానికి కాక, తర్వాత వచ్చే పాఠకులకు మంచిచెడ్డలు వేరుచేసి చూపడానికి ఉద్దేశించినది. అందుకే ఆ రిక్వెస్టు ఎన్నిసార్లు వచ్చినా నెగ్గలేదు.

ఇప్పుడు అదే మనిషి పరిష్కారం పక్కన పెట్టి, జరిగింది మాత్రమే ఇలా రాశాడనుకుందాం: “నేను మొదటిసారి ప్రశ్న అడిగాను. పది నిమిషాల్లో మూడు డౌన్‌వోట్లు వచ్చాయి. సహాయ పేజీ రెండుసార్లు చదివాను. నా ప్రశ్నలో ఏం సవరించాలో ఇప్పటికీ తెలియలేదు.” దీన్ని కాదనడం ఎవరికైనా కష్టం, ఎందుకంటే ఇందులో వాదించడానికి ఏమీ లేదు, సరిచేయడానికి మాత్రమే ఉంది. దీనికి దారులు కూడా ఒకటికి మించి కనిపిస్తాయి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2024లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన స్టేజింగ్ గ్రౌండ్ అటువంటి దారే: కొత్తవారి ప్రశ్న బయటికి వెళ్లకముందే అనుభవజ్ఞులు దాన్ని చూసి, ఏం మార్చాలో చెబుతారు. ఓటుకు కారణం రాయాలన్న నిబంధన రాలేదు. ఏం సవరించాలో తెలియని ఇబ్బందికి మాత్రం ఒక జవాబు వచ్చింది.

కాబట్టి డౌన్‌వోట్లు పడిన పోస్టును తొలగించకుండా ఈ విధంగా సవరించాలి. మొదట ఏం చేస్తుండగా ఇబ్బంది వచ్చిందో, తర్వాత దాని వల్ల ఏం నష్టమో, ప్రస్తుతానికి ఎలా నెట్టుకొస్తున్నామో రాయాలి. మనకు తోచిన పరిష్కారాన్ని చివర్లో, ఒక సూచనగా, దాని వల్ల ఎవరికి అసౌకర్యం కలగవచ్చో కూడా మనమే ఒప్పుకుంటూ చెప్పాలి. ఆ చివరి మాట రాయడానికి చాలామంది వెనకాడతారు, కాని చదివేవారికి నమ్మకం కలిగించేది అదే.

లక్షణం: “మా దగ్గర రావడం లేదు” అన్నారు

బగ్ రిపోర్టు పెట్టినప్పుడు వచ్చే ఈ జవాబుకు స్టాక్ ఓవర్‌ఫ్లో మెటాలో స్టేటస్-నోరెప్రో అనే ట్యాగు కూడా ఉంది. మనల్ని నమ్మకపోవడం వల్ల అలా అనలేదు; మనం చూసింది వారికి కనబడలేదు, అంతే. బ్రౌజర్, దాని వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, లాగిన్ అయి ఉన్నామా లేదా, నొక్కిన బటన్లు వరసగా, రావలసింది ఏమిటి, వచ్చింది ఏమిటి అనేవి రాయాలని అందరికీ తెలుసు. తెలుగువారు అదనంగా గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్ యాప్‌లను కూలదోసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెల 19న ఆపిల్ విడుదల చేసిన ఐఓఎస్ 11.2.6తో అది సరయింది. కంటికి అది ‘జ్ఞా’ లాగే కనిపించేది. కాని మనం మామూలుగా టైపు చేసే ‘జ్ఞా’లో జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు యూనికోడ్ (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) అక్షరాలు ఉంటాయి, దానితో ఏ ప్రమాదమూ లేదు. యాప్‌ను కూల్చినదానిలో ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఐదో అక్షరం ఉండేది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. ‘సాఫ్ట్‌వేర్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా మనం పెట్టేది దాన్నే. అదే రకం వరసతో బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా లోపం బయటపడుతుందని తర్వాత తేలింది.

ఆ లోపాన్ని ఎవరైనా “తెలుగు రాస్తే యాప్ ఆగిపోతోంది” అని మాత్రమే రిపోర్టు చేసి ఉంటే, ఇంజినీరు మామూలు ‘జ్ఞా’ టైపు చేసి చూసి, తన దగ్గర రావడం లేదని నిజాయితీగానే చెప్పి ఉండేవాడు. స్క్రీన్‌షాట్ జతచేసినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే కంటికి కనిపించని అక్షరం బొమ్మలో ఎప్పటికీ కనిపించదు. అందువల్ల తెలుగు టెక్స్టుకు సంబంధించిన లోపమైతే, ఆ టెక్స్టును కాపీ చేసి కోడ్ బ్లాకులో అలాగే అతికించాలి. దానితోపాటు ఒక్కొక్క అక్షరం యూనికోడ్ పేరును వరసగా రాయాలి. పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఆ పేర్లను ఇస్తుంది. నేను ఒక ఎడిటర్‌లో కర్సర్ ఒత్తుల మధ్య తప్పుగా ఆగుతోందని పెట్టిన రిపోర్టు నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. పదం పక్కన ఈ జాబితా చేర్చిన తర్వాత, తెలుగు ఒక్క ముక్క రాని డెవలపర్ దాన్ని తన మెషీన్‌లో రప్పించి, సరిచేశాడు.

లక్షణం: “అది లోపం కాదు, అలాగే ఉండాలి” అన్నారు

మెటాలో స్టేటస్-బైడిజైన్ అనే ట్యాగుకు అర్థం ఇదే. ఇక్కడ లోపమని వాదిస్తూ పోతే కాలం వృథా అవుతుంది. ఆ నిర్ణయం తీసుకున్నప్పటి పాత చర్చ వెతికి చదివి, అప్పటి కారణాల్లో ఇప్పుడు చెల్లనిది ఏదైనా ఉంటే దాన్ని చూపిస్తూ, బగ్‌గా కాక ఫీచర్ రిక్వెస్టుగా కొత్త పోస్టు రాయాలి.

లక్షణం: వందమంది “నాకూ కావాలి” అన్నా కదలిక లేదు

గిట్‌హబ్‌లో ఒకప్పుడు ఇష్యూల (బగ్ రిపోర్టులు, రిక్వెస్టుల) కింద ప్లస్ వన్ (నాకూ కావాలి) అనే కామెంట్లు పేజీల కొద్దీ ఉండేవి. అలాంటి ప్రతి కామెంటూ ఆ ఇష్యూను అనుసరిస్తున్న వారందరికీ ఒక నోటిఫికేషన్‌గా వెళ్లేది. అవసరమైన వివరాలు లేని ఇష్యూల గురించీ, ఈ కామెంట్ల గురించీ వందలాది మెయింటెయినర్లు 2016 జనవరిలో గిట్‌హబ్‌కు బహిరంగ లేఖ రాశారు. ఫిబ్రవరిలో ఇష్యూ టెంప్లేట్లు (ఏ వివరాలు ఇవ్వాలో ముందే అడిగే నమూనాలు), మార్చిలో రియాక్షన్లు (కామెంటు రాయకుండా పెట్టే బొటనవేలి వంటి గుర్తులు) వచ్చాయి. ఆ లేఖ కూడా ఒక ఫీచర్ రిక్వెస్టే. రోజూ తమకు ఏం జరుగుతోందో స్పష్టంగా చెప్పడం అందులోని బలమని నేను అనుకుంటాను.

అందువల్ల కామెంటు రాయకుండా ఇష్యూ మొదటి పోస్టుకు బొటనవేలి గుర్తు పెట్టాలి. ఇష్యూలను ఆ సంఖ్యను బట్టి వరసలో పెట్టి చూసుకునే వీలు మెయింటెయినర్‌కు ఉంది. మన వాడకం మిగతావారి కంటే భిన్నమైనదైతే మాత్రం కామెంటు తప్పక రాయాలి. “నాకూ కావాలి” అన్న వంద మాటల కంటే, “చూపు లేని నేను స్క్రీన్ రీడర్‌తో వాడుతున్నాను, ఈ బటన్ పేరు చదవడం లేదు” అన్న ఒక్క మాట పనిని ముందుకు జరుపుతుంది.

లక్షణం: సరేనన్నారు, కాని ఏళ్లు గడుస్తున్నా రాలేదు

స్టాక్ ఓవర్‌ఫ్లోలో డార్క్ మోడ్ కావాలని జనం చాలా ఏళ్లు అడిగారు. అది 2020 మార్చిలో బీటాగా వచ్చింది. బయటికి రంగులు మార్చడంలా కనిపించినా, కోడ్ ముక్కల రంగులు, ట్యాగులు, తెల్లని నేపథ్యం ఉంటుందనుకుని జనం ఎక్కించిన బొమ్మలు అన్నీ నల్లని పేజీ మీద కూడా చదవగలిగేలా ఉండాలి. ఆలస్యానికి ఎప్పుడూ నిర్లక్ష్యమే కారణం కాదు.

ఇలాంటప్పుడు నెలకోసారి “ఏమైంది?” అని అడగడం వల్ల ప్రయోజనం లేదు. మెటాలో అయితే విషయం సిబ్బంది దృష్టికి వెళ్లడానికి మోడరేటర్లు స్టేటస్-రివ్యూ ట్యాగు పెట్టగలరు. పరిస్థితి మారిందని చూపే కొత్త ఆధారం ఉన్నప్పుడు పోస్టును సవరించి దాన్ని చేర్చాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో అయితే, ఈ పని నేను చేస్తే తీసుకుంటారా అని ముందుగా అడిగి, ఒప్పుకున్న తర్వాతే కోడ్ రాయడం మొదలుపెట్టాలి. సవరణ విడుదలైన రోజున మన పాత రిపోర్టులోని మెట్లను కొత్త వెర్షన్‌లో మళ్లీ వరసగా చేసి చూసి, ఫలితాన్ని వెర్షన్ నంబరుతో సహా ఆ ఇష్యూ కిందే రాయాలి. అదే లోపం తర్వాత ఎప్పుడైనా తిరిగి వస్తే, మూసిన ఇష్యూను సాగదీయకుండా కొత్తది తెరిచి పాతదానికి లింకు ఇవ్వాలి.