అమెరికా వీసా మెడికల్‌కి వెళ్ళే అమ్మానాన్నలకు

మావారికి 1988లో టీబీ వచ్చింది. అప్పటికి మా అమ్మాయి ఇంకా నా కడుపులో ఉంది. గుంటూరులో చూపించుకుని, రోజూ సూదులు వేయించుకుని, ఏడాది పైగా మాత్రలు మింగారు. తగ్గిపోయింది. బయటికి తెలిస్తే రేపు పిల్లకి సంబంధాలు రావని మా అత్తగారు చీటీలూ ఎక్స్‌రేలూ పొయ్యిలో పెట్టేశారు. నేనప్పటికే ఏఎన్ఎమ్‌ని. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి టీబీ దాచకండి, నయమవుతుంది అని చెప్పేదాన్ని. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తలేదు. 2023లో ఆ అమ్మాయే మా ఇద్దరికీ గ్రీన్‌కార్డుకి పెట్టింది. ముంబైలో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి మాట, “పాత కాగితాలున్నాయా?”

మీ ఇంట్లోనూ అలాంటి పాత జబ్బు ఏదైనా ఉంటే, మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు ఆ కాగితాలు వెతకండి. దొరకకపోతే ఏ సంవత్సరంలో వచ్చింది, ఎక్కడ చూపించారు, ఏ మందులు ఎన్నాళ్ళు వాడారు అన్నది ఇప్పుడే కూర్చుని గుర్తు చేసుకుని రాసుకోండి.

ఇంటర్వ్యూ తారీఖు ఖరారై లెటరు చేతికొచ్చాకే మెడికల్ పెట్టుకోవాలి. అదీ కాన్సులేట్ జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరే. మన ఊళ్ళో ఎంత పేరున్న డాక్టరు రాసిచ్చినా చెల్లదు. మా ఇంటర్వ్యూ ముంబైలో కాబట్టి మెడికల్ కూడా అక్కడే పెట్టుకున్నాం. విజయవాడలో కోణార్క్ ఎక్కి వెళ్ళాం. మూడో రోజుకే తిరుగు టికెట్ కూడా తీసుకున్నాం, అదే పొరపాటు. ఎందుకో కింద చెబుతాను. మీరు మాత్రం వారం రోజులు చేతిలో ఉంచుకోండి.

పాస్‌పోర్టులు, ఇంటర్వ్యూ లెటరు, ఆన్‌లైన్‌లో నింపిన వీసా దరఖాస్తు (డీఎస్-260) నిర్ధారణ పేజీ, ఫోటోలు, టీకా కాగితాలు, వాడుతున్న మందుల చీటీలు, పాత ఎక్స్‌రేలు ఒకే ఫైల్లో పెట్టుకోండి. ఫీజు డాక్టరు దగ్గరే కట్టాలి, వీసా ఫీజులో అది కలవదు. మా అమ్మాయి ఫోన్లో మమ్మల్ని అడిగి, ఒక కాగితం మీద మా జబ్బులూ ఆపరేషన్లూ మాత్రల మోతాదులూ ఇంగ్లీషులో రాసి పంపింది. మాకు హిందీ అంతంతమాత్రం. ఆ ఒక్క కాగితం మమ్మల్ని ఒడ్డున పడేసింది.

టీకాలు వయసును బట్టి ఉంటాయి. నేను పుట్టింది 1959లో, ఆయన 1954లో. తట్టు, గవదబిళ్ళల టీకా 1957కి ముందు పుట్టినవాళ్ళకి అక్కర్లేదు, అందుకని ఆయనకి వేయలేదు, నాకు వేశారు. న్యుమోనియా టీకా అరవై ఐదు దాటిన ఆయనకి వేశారు, నాకు లేదు. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపిన సూది ఇద్దరికీ వేశారు. ఆటలమ్మ టీకా దగ్గర, చిన్నప్పుడు వచ్చిందని చెబితే ఆ వివరం రాసుకున్నారు, సూది తప్పింది. రక్తపరీక్షలో రోగనిరోధక శక్తి ఉందని తేలినా ఒప్పుకుంటారు. రెండు మూడు డోసుల టీకా అయితే అన్నీ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు, వయసుకి తగిన డోసు ఒకటి పడితే చాలు. మా అప్పుడు కోవిడ్ టీకా కూడా అడిగారు. 2025లో ఆ నిబంధన ఎత్తేశారు. మన దగ్గర పెద్దవాళ్ళకి టీకా కార్డులు ఉండవు కాబట్టి, ముందే ఇక్కడ వేయించుకునేవాళ్ళు తారీఖు, టీకా పేరు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్న కాగితం అడిగి తీసుకోండి. నోటిమాటగా వేయించుకున్నామంటే లెక్కలోకి రాదు.

ఆ రోజు ఎత్తు, బరువు, బీపీ, కంటిచూపు చూసి, గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి, ప్రశ్నలు అడుగుతారు. తాగుడు, మత్తుమందులు, మనసుకి సంబంధించిన జబ్బుల గురించీ అడుగుతారు. అవి మనల్ని అనుమానించి అడిగేవి కావు, అందరినీ అడుగుతారు. షుగరూ బీపీ ఉన్నాయని చాలామంది బెంగపడతారు. వీసా ఆపే జబ్బుల జాబితాలో అవి లేవు. అంటుకునే దశలో ఉన్న టీబీ, సిఫిలిస్, గనేరియా, కుష్ఠు లాంటివి ఉన్నాయి. హెచ్ఐవీని 2010లోనే ఆ జాబితాలోంచి తీసేశారు. మాత్రలు మానేసి వెళ్ళకండి, పొద్దున వేసుకునేవి వేసుకునే వెళ్ళండి.

పదిహేనేళ్ళు నిండిన ప్రతివారికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రెండేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు పిల్లలకి టీబీ రక్తపరీక్ష చేస్తారు. ఆడవాళ్ళకి ఒక మాట. ఎక్స్‌రేకి మెడలో లోహం ఏదీ ఉండకూడదు, ఉంటే దాని నీడ ఊపిరితిత్తుల మీద పడుతుంది. అక్కడ అప్పటికప్పుడు పుస్తెలతాడు తీయమంటే మనసు చివుక్కుమంటుంది. నేను ఇంట్లోనే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకున్నాను, పుస్తెలు దేవుడి దగ్గర పెట్టి బయల్దేరాను. గర్భంతో ఉన్నవాళ్ళు ఎక్స్‌రే గదిలోకి వెళ్ళకముందే చెప్పాలి.

ఇక మావారి సంగతి. ముంబై వెళ్ళేముందు వీసా ఫారాలు నింపిపెట్టే ఒకాయన, “టీబీ వచ్చిందా అంటే లేదనండి మాస్టారూ, ముప్పై అయిదేళ్ళ నాటి సంగతి ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు. ఈయన సరేనన్నట్టే తలూపారు. రాత్రి నేను కూర్చోబెట్టి చెప్పాను. మానిన పుండుకి మచ్చ మిగిలినట్టే ఊపిరితిత్తికీ మచ్చ మిగులుతుంది, ఎక్స్‌రే దాన్ని దాచదు. పైగా నయమైన టీబీకి వీసా ఆగిపోదు, ఆలస్యమవుతుంది, అంతే. తెలిసి అబద్ధమాడినట్టు తేలితే జన్మంతా వెంటాడే నిషేధం పడుతుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు” అని మాత్రం అన్నారు. ముంబైలో డాక్టరు గారికి ఆయనే నోరు విప్పి చెప్పారు.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో చార కనిపించింది. తెమడ పరీక్ష రాశారు. మూడు వేర్వేరు రోజుల్లో తెల్లవారుజామున మూడు నమూనాలు ఇవ్వాలి. మా తిరుగు టికెట్ పోయింది ఇక్కడే. ఇవ్వాల్సింది ఉమ్ము కాదు, తెమడ. ఏమీ తినకముందు నీళ్ళతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తీయాలి. దగ్గే లేని మనిషికి తెమడ ఎక్కడిది? మొదటిరోజు రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించారు, అప్పుడు వచ్చింది. ఈ పరీక్షకి ముందు దగ్గుందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకండి. లీవోఫ్లాక్సాసిన్ లాంటివి టీబీ క్రిమి మీద కూడా పనిచేసి ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

మైక్రోస్కోపు ఫలితం త్వరగానే వస్తుంది. కల్చర్‌కి, అంటే తెమడలోంచి టీబీ క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకి, మాత్రం ఎనిమిది వారాలు పడుతుంది, ఎవరూ తొందరపెట్టలేరు. మేము అప్పటికే ఇల్లు అద్దెకిచ్చేసి, గిన్నెలు కూడా పంచిపెట్టేశాం. ఆ రెండు నెలలూ నరసరావుపేటలో మా తమ్ముడి ఇంట్లో ఉన్నాం. ఇంటర్వ్యూ జరిగింది కానీ మెడికల్ అందేదాకా 221(జి) అనే సెక్షన్ కింద వీసా ఆపి ఉంచారు. అందుకని వీసా పాస్‌పోర్టు మీద పడేదాకా విమానం టికెట్టూ కొనకండి, ఇల్లూ ఖాళీ చేయకండి. కల్చర్‌లో టీబీ ఉన్నట్టు తేలితే కూడా దారి మూసుకుపోదు. ఆ జాబితా డాక్టర్లు చెప్పినచోట, వాళ్ళ కళ్ళముందు మందులు మింగి కోర్సు పూర్తిచేసి, మళ్ళీ పరీక్షలు చేయించుకోవాలి.

మావారి మూడు నమూనాల్లోనూ ఏమీ లేదని వచ్చింది. ఆయన మెడికల్‌కి బీ1 అని వర్గం రాశారు, అంటే ఎక్స్‌రేలో టీబీ గుర్తులున్నా తెమడలో క్రిమి లేదని. మామూలుగా మెడికల్ గడువు ఆరు నెలలు, బీ1 వాళ్ళకి మూడే నెలలు. వీసా గడువు కూడా దాన్నిబట్టే ఉంటుంది కాబట్టి మేము వెంటనే బయల్దేరాం. కొన్ని చోట్ల రిపోర్టు ఆన్‌లైన్‌లో పంపుతారు, కొన్ని చోట్ల సీలు వేసిన కవరు చేతికిస్తారు. కవరిస్తే విప్పకండి. ఎక్స్‌రే సీడీని పెట్టెలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

బీ1 వర్గం వాళ్ళు అమెరికాలో దిగాక ముప్పై రోజుల్లోపు స్థానిక ఆరోగ్య శాఖకి కనబడాలి. వాళ్ళు ఫోన్ చేసేదాకా ఆగకుండా పిల్లల చేత మీరే చేయించండి. మా అమ్మాయి తీసుకెళ్ళింది. అక్కడి నర్సు సీడీ చూసి, ఇంకో ఎక్స్‌రే తీయించి, మందులు ఎన్నాళ్ళు వాడారని అడిగింది. మావారు 1988 నుంచి మొదలుపెట్టి తీరిగ్గా చెబుతుంటే మా అమ్మాయి ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులోకి మార్చింది. తను కడుపులో ఉన్నప్పటి సంగతి తను అంత వివరంగా వినడం అదే మొదటిసారి.