ఇంట్లో హామ్ రేడియో స్టేషన్ – 3వ పాఠం: 13.8 వోల్టులను పంచడం

పోయిన పాఠంలో పవర్ సప్లై ఎంచుకున్నాం. 13.8 వోల్టులు, 30 ఆంపియర్లు ఇచ్చేది ఒకటి బల్ల మీదికి వచ్చింది. ఇక దాని వెనక ఉన్న ఎరుపు, నలుపు టెర్మినల్స్ నుంచి ఒక్కో పరికరం దాకా కరెంటును ఎలా తీసుకెళ్లాలో ఈ పాఠంలో చూద్దాం.

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ల బల్ల కిందకి తొంగిచూస్తే తరచుగా కనిపించేది ఒకటే దృశ్యం. రిగ్గు (సిగ్నల్ పంపే, అందుకునే రేడియో సెట్టు) వైరు, వీహెచ్ఎఫ్ (దగ్గరి దూరాలకు వాడే బ్యాండు) సెట్టు వైరు, యాంటెన్నాను రిగ్గుకు సరిపెట్టే ట్యూనర్ వైరు, ఎల్ఈడీ స్ట్రిప్ వైరు అన్నీ కలిపి మెలేసి ఒకే స్క్రూ కింద దూర్చి ఉంటాయి. పైన నల్ల టేపు. పనిచేస్తుంది కూడా, అదే అసలు చిక్కు. రిసీవ్‌లో ఉన్నంతసేపూ రిగ్గు ఒక ఆంపియర్ తీసుకుంటుంది కాబట్టి ఏ లోపమూ బయటపడదు. పీటీటీ (మైకు మీది మాట్లాడే బటన్) నొక్కి మాట్లాడాకే డిస్‌ప్లే మసకబారడం, రిగ్గు రీసెట్ కావడం, అవతలివాళ్లు "ఆడియో గరగరమంటోంది" అనడం మొదలవుతాయి.

తక్కువ వోల్టు, ఎక్కువ కరెంటు

100 వాట్ల హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) రిగ్గు ఏ కంపెనీదైనా ట్రాన్స్‌మిట్‌లో 20 నుంచి 23 ఆంపియర్లు లాగుతుంది. 22 అనుకుందాం. 13.8తో గుణిస్తే సుమారు 300 వాట్లు. ఇదే 300 వాట్లు గోడ సాకెట్ నుంచి 230 వోల్టుల దగ్గర తీసుకుంటే 1.3 ఆంపియర్లే. ఇంటి వైరింగ్‌లో ఒక వోల్టు పోయినా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఒక వోల్టు పోతే ఉన్నదాంట్లో పద్నాలుగో వంతు పోయినట్టే. చాలా రిగ్గులకు కంపెనీ ఇచ్చే హద్దు 13.8కి అటూ ఇటూ 15 శాతం, అంటే 11.7 నుంచి 15.9 దాకా. కానీ 12 దగ్గరికి దిగేసరికే పూర్తి పవర్ రాకపోవడం, ఎస్ఎస్‌బీ (హెచ్ఎఫ్‌లో మాట పంపే పద్ధతి) సిగ్నల్ పక్క ఫ్రీక్వెన్సీలకు పాకడం కనిపిస్తాయి. మాన్యువల్‌లో హద్దు ఉంది కదా అని దాని అంచున బతకాల్సిన అవసరం లేదు.

వైరు నిరోధం లెక్క తేలిక. సన్న తీగలు పేనిన రాగి వైరుకు మీటరుకు సుమారుగా 1.5 స్క్వేర్ (రాగి అడ్డుకోత 1.5 చదరపు మిల్లీమీటర్లు) అయితే 13 మిల్లీఓమ్‌లు, 2.5 స్క్వేర్ అయితే 8, 4 స్క్వేర్ అయితే 5, 6 స్క్వేర్ అయితే 3.3. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి దూరాన్ని రెండుతో గుణించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

సప్లై గదికి ఒక మూల, రిగ్గు ఇంకో మూల, మధ్య 3 మీటర్ల వైరు ఉందనుకుందాం. రానూపోనూ 6 మీటర్లు. 2.5 స్క్వేర్ వైరైతే 48 మిల్లీఓమ్‌లు, 22 ఆంపియర్లకు ఒక వోల్టు పైనే ఆవిరి. 6 స్క్వేర్ అయితే 0.44 వోల్టు. సప్లైని జరిపి దూరాన్ని ఒకటిన్నర మీటర్లకు తగ్గిస్తే అదే 6 స్క్వేర్‌లో 0.22. ఖర్చు లేకుండా సగం నష్టం తగ్గింది. కాబట్టి వైరు కొనేముందు బల్ల సర్దండి.

బజారుకు వెళ్లేముందు

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లి "6 స్క్వేర్ ఫ్లెక్సిబుల్, ఎరుపు రెండు మీటర్లు, నలుపు రెండు మీటర్లు" అని అడగండి. ఐఎస్ఐ మార్కు ఉన్న ఇంటి వైరింగ్ వైరే చాలు. 12 వోల్టులకని చెబితే మాత్రం పారదర్శకంగా మెరిసే కారు ఆంప్లిఫయర్ వైరు చుట్ట తీసి చూపించే అవకాశం ఉంది. "సార్, గిది తీస్కపోండ్రి, ముప్పై ఆంపియర్లకు మస్తుగ సరిపోతది" అంటాడు. చూపుకు లావుగా, ఠీవిగా ఉంటుంది. ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగిపూత వేసిన అల్యూమినియం. చేతిలో తేలిగ్గా ఉండటం కూడా ఒక గుర్తు. రాగితో పోలిస్తే నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే, క్రింప్ చేస్తే (టూల్‌తో నొక్కి బిగిస్తే) కొన్నాళ్లకు వదులవుతుంది. వద్దనండి.

అదే వీధిలో రాగి థింబుల్స్ (వైరు కొసకు తొడిగి నొక్కే గొట్టపు కొనలు), డిస్ట్రిబ్యూషన్ బోర్డుల్లో వాడే ఇత్తడి న్యూట్రల్ లింకు దొరుకుతాయి. ఆ న్యూట్రల్ లింకు మన నెగటివ్ బస్‌బార్‌గా (నలుపు వైర్లన్నీ చేరే లోహపు పట్టీగా) భేషుగ్గా పనికొస్తుంది. ఆరు దారుల బ్లేడ్ ఫ్యూజు డబ్బా కోసం రాణిగంజ్ వైపు ఆటో ఎలక్ట్రికల్ షాపులు చూడండి. కనెక్టర్లు, చిన్న ప్యానెల్ వోల్ట్‌మీటరు కోఠి గుజరాతీ గల్లీలో.

ఫ్యూజు ఎవరి కోసం?

రిగ్గును కాపాడటానికి ఫ్యూజు అనుకుంటారు. ఫ్యూజు కాపాడేది వైరును. ఇది బుర్రకెక్కితే మిగతా లెక్కలన్నీ వాటంతటవే వస్తాయి.

ఒక ఉదాహరణ. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా రిగ్గుకు ఎంత సరిపడిందో చూపేది) లైటు కోసం ఇయర్‌ఫోన్ తీగంత సన్నని వైరును నేరుగా సప్లై టెర్మినల్‌కు కలిపారు. మీటరు తీసుకునేది అర ఆంపియర్ కూడా ఉండదు. ఒకరోజు బల్ల కాలి కింద ఆ వైరు నలిగి రెండు తీగలు కలిశాయి. సప్లైకి షార్టు రక్షణ ఉంది కదా అంటారు. అది 30 ఆంపియర్లు దాటితేనే కదా స్పందించేది! సన్న వైరు తన నిరోధంతో కరెంటును 20 దగ్గర ఆపేస్తే, సప్లై దాన్ని మామూలు లోడు అనుకుని హాయిగా ఇస్తూనే ఉంటుంది. వైరు హీటర్ కాయిల్ అయిపోతుంది, పక్కనే పరదా.

అందుకే ఒక్కో దారికి ఒక్కో ఫ్యూజు. అది పరికరం దగ్గర కాదు, దారి మొదలయ్యే చోట ఉండాలి. ఫ్యూజు రేటింగ్ ఆ దారిలో అన్నిటికంటే సన్నని వైరు మోయగలిగినదానికి మించకూడదు. హెచ్ఎఫ్ రిగ్గుకు 25 లేదా 30, మాన్యువల్ ఏది చెబితే అది. 50 వాట్ల వీహెచ్ఎఫ్ మొబైల్ సెట్టుకు 15. ట్యూనర్, మీటరు, లైట్ల దారికి 5 లేదా అంతకన్నా తక్కువ. బ్లేడ్ ఫ్యూజులకు రంగులున్నాయి: 5కు లేత గోధుమ, 10కి ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ. తలా రెండు విడిగా కొని డబ్బాలోనే పెట్టుకోండి. రాత్రి 11 గంటలకు 40 మీటర్ల బ్యాండులో దూరపు స్టేషన్లు వినిపిస్తున్నప్పుడు ఫ్యూజు పోతే షాపులు ఉండవు. ఆ టెన్షన్‌లోనే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే ఆలోచనలు వస్తాయి.

నెగటివ్‌ను చిన్నచూపు చూడొద్దు

ఎరుపు వైరుకు ఇచ్చే శ్రద్ధలో సగం కూడా నలుపుకు ఇవ్వరు. వెళ్లిన 22 ఆంపియర్లూ తిరిగి రావాల్సింది అటునుంచే.

రిగ్గు నెగటివ్ వైరు థింబుల్ వదులైందనుకోండి. ఎరుపు వైరు వదులైతే రిగ్గు ఆగిపోతుంది, తెలిసిపోతుంది. నలుపు వదులైతే మాత్రం రిగ్గు ఆగకపోవచ్చు. రిగ్గు చాసిస్ (లోహపు పెట్టె), దాని నెగటివ్ ఒకటే. చాసిస్‌కు కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) లోహపు అల్లిక, దాన్నుంచి ట్యూనర్, ట్యూనర్ నుంచి ఎర్త్ పట్టీ తగిలి ఉంటాయి. ఇంకో పక్క యూఎస్‌బీ కేబుల్ కంప్యూటర్‌కు వెళ్తుంది. తిరుగు కరెంటు వీటిలో దొరికిన దారినల్లా వెతుక్కుంటుంది. యూఎస్‌బీ కేబుల్ అల్లిక ఆంపియర్ల కోసం పుట్టింది కాదు. కంప్యూటర్ పోర్టు కాలిన కథలు కొన్నిటి వెనక ఉండేది ఈ వదులు నలుపు వైరే.

అందువల్ల నెగటివ్ వైరు ఎరుపంత లావు ఉండాలి, అంతే గట్టిగా బిగించాలి. డిస్ట్రిబ్యూషన్ డబ్బాలో నెగటివ్‌కు ఫ్యూజులు పెట్టొద్దు, అన్నీ ఇత్తడి బార్‌కు నేరుగా రావాలి. రిగ్గుతో కంపెనీ ఇచ్చిన కేబుల్‌లో రెండు వైర్లకూ ఫ్యూజులుంటాయి. అది కారు బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని చేసినది. దాన్ని కోసి పారేయనక్కర్లేదు, కానీ నెలకోసారి ఆ నల్ల హోల్డరును కూడా తెరిచి చూడండి.

క్రింప్ చేసే తీరు

డబ్బు ఎక్కడ పెట్టాలి అని అడిగితే, డబ్బాకు కాదు, మంచి క్రింపింగ్ టూల్‌కు అంటాను. ప్లాస్టిక్ ఫుడ్ డబ్బాలో కట్టిన పంపిణీ అయినా క్రింపులు బాగుంటే ఏళ్లు నడుస్తుంది.

వైరు కొసన థింబుల్ గొట్టం లోతు ఎంతో అంతే తొడుగు తీయాలి. ఒక్క తీగ కూడా తెగకూడదు. తీగలను మెలితిప్పకుండా నిటారుగా దూర్చి, గొట్టం అవతలి అంచున రాగి కొసలు కనిపించాక నొక్కాలి. తర్వాత వైరును ఒక చేత్తో, థింబుల్‌ను ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా లాగండి. మొహమాటపడొద్దు. ఊడొచ్చిందంటే ఇప్పుడే ఊడటం మంచిది. పైన హీట్‌ష్రింక్ తొడిగితే అయిపోయింది. స్క్రూ కింద పెట్టే తీగలకు టంకం మాత్రం వేయొద్దు. టంకం మెత్తని లోహం, స్క్రూ ఒత్తిడికి మెల్లగా జారిపోతుంది, మొదట గట్టిగా ఉన్నదే కొన్నాళ్లకు వదులవుతుంది. 10 మిల్లీఓమ్‌ల వదులు జాయింటులో 22 ఆంపియర్లు పారితే దాదాపు 5 వాట్ల వేడి, అంతా గింజంత చోట.

కనెక్టర్లు

ముందు ఏది వాడకూడదో చెబుతాను. గోడకు పెట్టే 5 ఆంపియర్, 15 ఆంపియర్ త్రీపిన్ ప్లగ్గులను డీసీకి వాడేవాళ్లు ఉన్నారు. చవక, గట్టివి, ప్రతి వీధిలో దొరుకుతాయి. ఇంట్లో పిల్లలో, పని మనిషో ఊడ్చేటప్పుడు తీసి మళ్లీ గోడ సాకెట్లో పెడితే లక్ష రూపాయల రిగ్గుకు 13.8 బదులు 230 వోల్టులు. దీనికి ఏ మినహాయింపూ లేదు. కారు సిగరెట్ లైటర్ సాకెట్ కూడా హెచ్ఎఫ్ రిగ్గు కరెంటుకు పనికిరాదు.

ప్రపంచమంతా హామ్‌లు ఎక్కువగా వాడేది ఆండర్సన్ పవర్‌పోల్. ఆడ, మగ తేడా లేదు, ఏ రెండైనా కలుస్తాయి. 15, 30, 45 ఆంపియర్ల కాంటాక్టులు మూడూ ఒకే ప్లాస్టిక్ గూటిలో కూర్చుంటాయి. ఎరుపు, నలుపు గూళ్లను జతచేసే పద్ధతి మాత్రం అందరిలాగే ఉండాలి: కాంటాక్టులు మీవైపు ఉండేలా పట్టుకుని, నాలుకలు పైకి ఉంచితే ఎరుపు కుడివైపుకు రావాలి. 6 స్క్వేర్ వైరు 45 కాంటాక్టులో ఇరుకుగా పడుతుంది. కాబట్టి సప్లై నుంచి డబ్బా దాకా 6 స్క్వేర్‌ను థింబుల్‌తో, డబ్బా నుంచి రిగ్గు దాకా రిగ్గు సొంత కేబుల్‌ను పవర్‌పోల్‌తో కలపడం నాకు నచ్చిన పద్ధతి.

అసలు పవర్‌పోల్ ఖరీదు ఎక్కువనిపిస్తే డ్రోన్ల వాళ్లు వాడే ఎక్స్‌టీ60 ఉంది. గట్టిది, తిరగేసి పెట్టలేం. సప్లై వైపు ఆడది పెట్టాలి, లేకపోతే కరెంటున్న పిన్నులు బయటికి ఉంటాయి. గది దాటని స్టేషన్‌కు అది చాలు. నలుగురితో ఫీల్డుకు వెళ్లే ఆలోచన ఉంటే పవర్‌పోల్‌కే వెళ్లండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి హైదరాబాద్ సోమాజిగూడలోని ఎన్ఐఏఆర్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో) పంపిన బృందం పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ స్టేషన్ నడుపుతూ ఉంది. సరదాగా మొదలైన ఆపరేషన్ ఒక్క పూటలో సహాయ సమాచార కేంద్రమైంది. అలాంటి పూట ఒకరి బ్యాటరీకి ఇంకొకరి రేడియో తగిలించాల్సి వస్తే, కనెక్టర్ ఒకటే అయి ఉండటం ఎంత మేలో వేరే చెప్పాలా?

కట్టే వరుస

సప్లై నుంచి 6 స్క్వేర్ జత డబ్బాకు. ఎరుపు ఫ్యూజు బస్‌కు, నలుపు ఇత్తడి బార్‌కు. అక్కడి నుంచి ఒక్కో పరికరానికి విడి జత, ఎరుపు నలుపు పక్కపక్కనే కట్టి. ఒక పరికరం దగ్గర నుంచి ఇంకోదానికి గొలుసులా లాగొద్దు. ఒకే పైపు మీద నాలుగు నల్లాలు పెట్టినట్టు, హెచ్ఎఫ్ పీటీటీ నొక్కినప్పుడల్లా మిగతావన్నీ కుంగుతాయి. వైఫై రౌటరును ఈ బస్‌కు తగిలించాలనిపిస్తే ఆగండి. దాని లేబుల్ 12 వోల్టులంటుంది, 13.8ని అన్నీ తట్టుకోవు. మధ్యలో 12 వోల్టుల కన్వర్టర్ పెట్టండి.

కొలిచి చూడండి

రిగ్గును 50 ఓమ్‌ల డమ్మీ లోడుకు (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్‌కు) కలపండి. మల్టీమీటరును తక్కువ డీసీ రేంజిలో పెట్టి, ఒక ప్రోబు సప్లై ప్లస్ మీద, ఇంకోటి రిగ్గు ప్లగ్గు ప్లస్ మీద ఉంచండి. పూర్తి పవర్‌లో సీడబ్ల్యూ (మోర్స్) కీ పది సెకన్లు నొక్కితే ఆ ఎరుపు దారిలో పోయే వోల్టేజి నేరుగా కనిపిస్తుంది. తర్వాత మైనస్ నుంచి మైనస్‌కు అదే పని. ఒక్కో వైపు 0.25 లోపు ఉంటే బాగున్నట్టు. ఎక్కువైతే ప్రోబును ఒక్కో జాయింటు దాటిస్తూ రండి, దొంగ దొరుకుతాడు. అంకెలు పిచ్చిగా ఎగిరితే మీటరులోకి ఆర్ఎఫ్ (రిగ్గు పంపే రేడియో సిగ్నల్) దూరుతోందన్నమాట. ప్రోబు వైర్లను పొట్టిగా, డమ్మీ లోడుకు దూరంగా పెట్టి మళ్లీ చూడండి.

ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) చేసేవాళ్లకు ఇంకో పరీక్ష. అందులో ప్రతి 15 సెకన్ల వంతులో 12.6 సెకన్లు ఎడతెగని సిగ్నల్, మాటల్లో ఉండే విరామం ఉండదు. పది నిమిషాలు నడిపి, ట్రాన్స్‌మిట్ ఆపి, ప్రతి ఫ్యూజునూ కనెక్టరునూ వేలితో తాకండి. గోరువెచ్చన పర్వాలేదు. వేలు వెనక్కి లాగాల్సి వస్తే ఆ క్రింపు మళ్లీ చేయాలి. మే నెల ఎండలో, గదే 38 డిగ్రీలున్నప్పుడు, ఇంకోసారి చూడండి.

ఈ వారం పని: మీ దగ్గరున్న పరికరాల గరిష్ఠ ఆంపియర్లు, వైరు పొడవు, స్క్వేర్, ఫ్యూజు ఒక కాగితం మీద రాసి డబ్బా మూత లోపల అంటించండి. వచ్చే పాఠంలో కరెంటు పోయినప్పుడు దానంతటదే అందుకునే బ్యాటరీని ఈ బస్‌కు కలుపుదాం. అప్పటిదాకా ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి ఇక్కడికి వైరు లాగొద్దు. పవర్ సప్లై 30 దగ్గర ఆగుతుంది. షార్టయితే ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు ఇస్తుంది. బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఫ్యూజు లేకుండా అది ఈ గదిలోకి రాకూడదు.